నదుల నాడి ఎరిగిన ఇంజినీరు డాక్టర్ కె.ఎల్. రావు

(డాక్టర్ కానూరి లక్ష్మణరావు జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

విజయవాడ, జూలై 15: దేశ జలవనరుల రంగ చరిత్రలో చిరస్మరణీయ స్థానం పొందిన తెలుగు ఇంజినీర్లలో డాక్టర్ కానూరి లక్ష్మణరావు అగ్రగణ్యులు. నాగార్జునసాగర్ అనగానే ఆయన పేరు, ఆయన పేరు వినగానే గంగా-కావేరి అనుసంధానం స్ఫురించడం పరిపాటి. ప్రతి ఏటా జయంతి వ్యాసాలలో ఈ రెండు అంశాలే ప్రధానంగా చోటు చేసుకుంటున్నాయి. అయితే ఆయన కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రిగా ఉన్న కాలంలోనే దేశంలో వరద ముందస్తు అంచనా వ్యవస్థ ఒక నది నుంచి అనేక నదీ పరీవాహక ప్రాంతాలకు విస్తరించిందన్న విషయం అంతగా ప్రచారం పొందలేదు. హిమాలయాలలో హిమానీనద సరస్సులు తెగి, దిగువనున్న జలవిద్యుత్ కేంద్రాలు కొట్టుకుపోతున్న నేటి పరిస్థితులలో ఆయన జీవితంలోని ఈ అధ్యాయాన్ని పాత్రికేయులు, అధికారులు ఒకసారి పరిశీలించవలసిన అవసరం ఉన్నది.

డాక్టర్ కె.ఎల్. రావు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. తండ్రి గ్రామ కరణం. తొమ్మిదేళ్ల వయసులోనే తండ్రిని కోల్పోయారు. పాఠశాలలో ఆడుకుంటుండగా తగిలిన గాయం కారణంగా ఒక కంటి చూపు కూడా పోయింది. కృష్ణా డెల్టా కాలువల నడుమ పెరిగిన ఆ బాలుడు, మిగిలిన ఒక్క కంటితోనే ఆ తరువాత దేశంలోని పెద్ద నదుల పటాలను, ఆనకట్టల నమూనాలను దశాబ్దాల పాటు పరిశీలించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్, గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో పట్టభద్ర విద్య పూర్తి చేశారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజినీరింగ్‌లో స్నాతకోత్తర పట్టం పొందిన తొలి విద్యార్థి ఆయనే. రంగూన్‌లో ఆచార్యునిగా పనిచేశారు. అనంతరం ఇంగ్లాండు వెళ్లి, 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నారు. కాంక్రీటు నిర్మాణాలపై ఆయన రచించిన గ్రంథం ఇంజినీరింగ్ విద్యార్థులకు ఉపయుక్తమైనది.

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ల ఇంజినీరుగా చేరి, గోదావరిపై పోలవరం వద్ద తలపెట్టిన రామపాదసాగర్ పథకం రూపకల్పనలో పాలుపంచుకున్నారు. ఆ పథకం అప్పట్లో కాగితాలను దాటి ముందుకు సాగలేదు. 1950లో ఢిల్లీకి చేరి, కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల డైరెక్టరుగా, 1954 నుంచి చీఫ్ ఇంజినీరుగా, తదుపరి కమిషన్ సభ్యునిగా బాధ్యతలు నిర్వర్తించారు. 1955 డిసెంబరు 10న నాటి ప్రధాని పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్టను రాతి కట్టడంగా నిర్మించాలన్న వాదనకు ఆయన గట్టిగా నిలబడ్డారు. సిమెంటు, యంత్రాలు కొరవడిన ఆ రోజులలో స్థానికంగా దొరికే రాయి, స్థానికంగా లభించే కూలీల శ్రమ చాలునని ఆయన నమ్మకం. వేలాది కుటుంబాలకు ఏళ్ల తరబడి ఉపాధి లభించింది. ఈ విషయాలన్నీ తెలుగు పాఠకులకు సుపరిచితాలే కాబట్టి ఇక్కడ విస్తరించడం లేదు.

తక్కువగా తెలిసినది ఢిల్లీలో ఆయన సహచరులు అదే కాలంలో ప్రారంభించిన మరొక పని. 1954 నాటి భారీ వరదల అనంతరం కేంద్రం జాతీయ వరద నియంత్రణ కార్యక్రమాన్ని ప్రకటించింది. మొదట్లో దృష్టి అంతా కరకట్టల పైనే నిలిచింది. అయితే కట్ట ఎంత ఎత్తు కట్టినా దానిని మించిన నీరు ఏదో ఒకనాడు రాక తప్పదని, ఆ నీరు వస్తున్నదని ముందుగా తెలిస్తే ప్రాణనష్టాన్నైనా నివారించవచ్చునని ఇంజినీర్లు గుర్తించారు. ఆ క్రమంలో 1958 నవంబరులో ఢిల్లీలోని పాత రైల్వే వంతెన వద్ద యమునా నదికి శాస్త్రీయ పద్ధతిలో వరద అంచనా ప్రారంభమైంది.

ఆ పద్ధతి వినడానికి సులభమే. ఎగువన ఒక కొలత కేంద్రం, దిగువన మరొక కొలత కేంద్రం ఉంటాయి. ఎగువన నీటిమట్టం ఇంత ఉన్నప్పుడు దిగువన ఎన్ని గంటలకు ఎంత మట్టం వస్తుందో గత వరదల లెక్కలతో రేఖాచిత్రాలు గీస్తారు. అప్పట్లో తాజేవాలా వద్ద యమునలోకి వదిలిన నీరు ఢిల్లీ చేరడానికి సుమారు రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజుల వ్యవధే హెచ్చరిక. ఎగువ కేంద్రంలో కొలబద్దను చదివే ఉద్యోగి, ఆ అంకెను వైర్‌లెస్‌లో పంపే మరొక ఉద్యోగి, ఢిల్లీలో లెక్క కట్టే ఇంజినీరు, చివరకు ఆ సమాచారం అందుకుని ఒడ్డున ఉన్న జనాన్ని తరలించే జిల్లా యంత్రాంగం - ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం ఊడినా మిగిలినవి నిరుపయోగమే. గోదావరి జిల్లాల పాత్రికేయులకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ కావడం మనం ప్రతి వర్షాకాలంలోనూ రాసే వార్తే.

డాక్టర్ రావు 1962 సార్వత్రిక ఎన్నికలలో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1967, 1971 ఎన్నికలలోనూ అదే నియోజకవర్గం ఆయనను గెలిపించింది. రాజకీయాలకు కొత్తవాడైన ఈ ఇంజినీరు ప్రచార సభలలో ఘనపుటడుగుల లెక్కలు చెప్పేవారన్న పేరు వచ్చింది కాబోలు, తరువాతి కాలంలో వెలువరించిన ఆత్మకథకు క్యూసెక్కుల అభ్యర్థి అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు పేరునే పెట్టుకున్నారు. 1963లో కేంద్ర ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. అదే ఏడాది జూలైలో నెహ్రూ మంత్రివర్గంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ బాధ్యతలు చేపట్టి, లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధీ ప్రభుత్వాలలోనూ కొనసాగి, 1973 వరకు ఆ శాఖను నిర్వహించారు. ఒక శాఖకు ఆ శాఖ పని క్షుణ్ణంగా తెలిసిన వ్యక్తి పదేళ్ల పాటు మంత్రిగా ఉండడం అరుదైన సందర్భం.

ఆ పదేళ్లలో ఆయనకు ఎదురైన కఠిన పరీక్షలలో 1968 నాటి తీస్తా వరద ఒకటి. సిక్కిం మంచు కొండలలో పుట్టి, డార్జిలింగ్ కొండలను చీల్చుకుని ఉత్తర బెంగాల్ మైదానంలోకి దిగే తీస్తా నదికి వాలు ఎక్కువ, వేగం ఎక్కువ, మోసుకొచ్చే రాయి, ఇసుక మరీ ఎక్కువ. ఆ ఏడాది అక్టోబరు తొలి వారంలో డార్జిలింగ్, సిక్కిం కొండలపై ఎడతెరిపి లేకుండా కుంభవృష్టి కురిసింది. కొండచరియలు వందల చోట్ల విరిగిపడ్డాయి. తీస్తా బజార్ వద్దనున్న ఆండర్సన్ వంతెన కొట్టుకుపోయింది. అక్టోబరు 4 రాత్రి జల్పాయిగురి వద్ద కరకట్టలు తెగి, నిద్రిస్తున్న పట్టణంలోకి నది ప్రవేశించింది. కొండలలో పగలంతా ఏమి జరుగుతున్నదో మైదానంలోని పట్టణానికి సకాలంలో తెలియలేదు. వానకు కొండదారులు, తీగలు తెగిపోయిన వేళ సమాచారం నది కంటే నెమ్మదిగా నడిచింది. వందలాది ప్రాణాలు పోయాయి.

ఆ మరుసటి ఏడాది, 1969లో, కేంద్రం వరద అంచనాల కోసం ప్రత్యేక డైరెక్టరేట్‌ను నెలకొల్పింది. 1970లో గంగ, బ్రహ్మపుత్ర, నర్మద, తపతి, తీస్తా, ఒరిస్సా తీర నదుల కోసం ఆరు వరద అంచనా డివిజన్లు ఏర్పాటయ్యాయి. ఒక్క యమునకు పరిమితమైన పద్ధతి అంతర్రాష్ట్ర నదులకు విస్తరించింది అప్పుడే. ఈ ఘనతను ఒక్క మంత్రికే ఆపాదించడం భావ్యం కాదు. కమిషన్‌లోని అనేకమంది ఇంజినీర్ల కృషి అందులో ఉన్నది. అయినప్పటికీ ఫైలుపై సంతకం చేసే స్థానంలో, కొలబద్ద విలువ ఎరిగిన వ్యక్తి ఉండడం వల్ల పని త్వరగా జరిగిందని భావించడంలో తప్పు లేదు. నేడు కేంద్ర జలసంఘం దేశవ్యాప్తంగా 300కు పైగా కేంద్రాలకు వరద అంచనాలు జారీ చేస్తున్నది. నదీతీర పట్టణాలకు నీటిమట్టాన్ని, జలాశయాలకు రాబోయే ప్రవాహాన్ని తెలియజేయడం ఇందులో రెండు విభాగాలు.

డివిజన్లు ఏర్పడిన ఆ 1970లోనే హిమాలయాలు మరొక పాఠం చెప్పాయి. జూలై 20న అలకనందా లోయలో వచ్చిన ఆకస్మిక వరద బేలాకూచి గ్రామాన్ని తుడిచిపెట్టింది. గోహ్నా సరస్సు ఆ వరదతోనే పూర్తిగా అంతరించింది. దిగువన హరిద్వార్ వద్ద ఎగువ గంగా కాలువ ఇసుక, మట్టితో పూడుకుపోయింది. గోహ్నా పేరు వరద హెచ్చరికల చరిత్రలో ముఖ్యమైనది. 1893లో కొండ విరిగిపడి బిర్హీ గంగకు అడ్డుకట్ట పడగా ఆ సరస్సు ఏర్పడింది. కట్ట ఎప్పుడు పొంగిపొర్లుతుందో అప్పటి ఇంజినీర్లు ముందుగానే లెక్క కట్టి, అక్కడి నుంచి హరిద్వార్ వరకు టెలిగ్రాఫ్ తీగ వేయించి, లోయలో ప్రమాదపు ఎత్తును సూచించే గుర్తులు నాటించి, ప్రజలను ఎగువకు తరలించారు. 1894 ఆగస్టు 25 రాత్రి కట్ట తెగి శ్రీనగర్ పట్టణం నేలమట్టమైనా, హెచ్చరికను పెడచెవిన పెట్టిన ఒక ఫకీరు కుటుంబంలోని ఐదుగురు తప్ప ప్రాణనష్టం జరగలేదు. ఉపగ్రహాలు, కంప్యూటర్లు లేని కాలంలో ఇది సాధ్యమైంది. కారణం, ప్రమాదం ఎక్కడి నుంచి రానున్నదో ముందే తెలియడం, అక్కడ కాపలా ఉండడం.

మంత్రి పదవిలో చివరి దశలో, 1972లో, డాక్టర్ రావు గంగా-కావేరి అనుసంధాన కాలువను ప్రతిపాదించారు. పాట్నా సమీపం నుంచి దక్షిణాదికి 2,640 కిలోమీటర్ల పొడవున సాగే ఈ ఆలోచన వ్యయం, విద్యుత్ అవసరాల దృష్ట్యా ఆమోదం పొందలేదు. నదుల అనుసంధానంపై జరిగే ప్రతి చర్చలోనూ నేటికీ అది ప్రస్తావనకు వస్తూనే ఉన్నది. 1975లో భారత జలసంపదపై ఆయన రచించిన ఇంగ్లీషు గ్రంథం వెలువడింది. 1977తో పార్లమెంటు జీవితం ముగిసింది. 1986 మే 18న ఆయన కన్నుమూశారు. ఆ తరువాత మూడు నెలలకు, ఆగస్టు 16న, భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరి చరిత్రలోనే అత్యధిక మట్టాన్ని నమోదు చేసింది.

తీస్తా నది విషయానికి మరల రావలసి ఉన్నది. జల్పాయిగురి మునిగిన 55 సంవత్సరాల తరువాత, సరిగ్గా అదే అక్టోబరు 4 తెల్లవారేసరికి, 2023లో ఆ నది మరొకసారి విరుచుకుపడింది. ఈసారి కారణం కేవలం వాన కాదు. ఉత్తర సిక్కింలో 5,200 మీటర్ల ఎత్తున ఉన్న దక్షిణ లోనక్ సరస్సు ఒక హిమానీనదం కరుగుతూ వెనుకకు జరిగిన కొద్దీ పెరిగిన సరస్సు. మంచు నెట్టుకొచ్చిన రాళ్లు, మట్టితో ఏర్పడిన దిబ్బలే దాని గట్లు. అక్టోబరు 3 రాత్రి 10 గంటల తరువాత పక్కనున్న దిబ్బలో సుమారు కోటీ 47 లక్షల ఘనపు మీటర్ల భాగం ఒక్కసారిగా సరస్సులోకి జారిపడింది. లేచిన అల ముందరి గట్టును కోసివేయగా, సుమారు 5 కోట్ల ఘనపు మీటర్ల నీరు లోయలోకి దూకినట్లు శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అర్ధరాత్రి దాటిన తరువాత ఆ ప్రవాహం చుంగ్‌థాంగ్ చేరి, 2017లో ప్రారంభమైన 1,200 మెగావాట్ల తీస్తా-3 జలవిద్యుత్ కేంద్రపు 60 మీటర్ల ఆనకట్టను ధ్వంసం చేసింది. జలాశయంలోని నీరు కూడా వరదకు తోడైంది. దిగువనున్న 510 మెగావాట్ల తీస్తా-5 కేంద్రంలోనూ ఉత్పత్తి నిలిచిపోయింది. 55 మంది మరణించగా, 74 మంది ఆచూకీ లభించలేదు.

సరస్సు కొత్తగా కనుగొన్నది కాదు. దాని ప్రమాదాన్ని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి హెచ్చరిస్తూ వచ్చారు. 2016లో సిక్కిం యంత్రాంగం మూడు గొట్టాలు వేసి కొంత నీటిని తోడించే ప్రయత్నం చేసింది. 2023 సెప్టెంబరులో, అంటే ప్రమాదానికి కొద్ది వారాల ముందు, అక్కడ కెమెరాలు, వాతావరణ కేంద్రాలు అమర్చారు. దిగువకు స్వయంచాలకంగా హెచ్చరిక పంపే పరికరాలు తదుపరి దశలో రావలసి ఉన్నవి. ఆ దశ రాకముందే గట్టు కూలింది. చుంగ్‌థాంగ్‌లో గేట్లు సకాలంలో తెరుచుకోలేదు.

డాక్టర్ రావు తరం నిర్మించిన వ్యవస్థకూ, హిమానీనద సరస్సుల దిగువన నేడు అవసరమైన వ్యవస్థకూ తేడా ఇక్కడే స్పష్టమవుతున్నది. యమునకు రెండు రోజుల వ్యవధి ఉన్నది. తీస్తా-3కు రెండు గంటలు. గంటకొకసారి కొలబద్ద చదివే పద్ధతి ఇక్కడ పనికిరాదు. సరస్సు గట్టున నీటిమట్టం హఠాత్తుగా పడిపోతే గుర్తించే సెన్సార్లు, వరద తాకి తెగగానే సంకేతం పంపే తీగలు, లోయలో కింది భాగాన రాడార్ కొలతలు, సెల్‌ఫోన్ టవర్లపై ఆధారపడని ఉపగ్రహ ప్రసారం, ఊరూరా సైరన్లు కావాలి. అన్నింటికీ మించి, విద్యుత్ కేంద్రంలో రాత్రి విధుల్లో ఉన్న ఇంజినీరుకు పై అధికారి అనుమతి కోసం వేచి ఉండకుండా గేట్లు ఎత్తే అధికారం కావాలి. జలవిద్యుత్ కేంద్రం జలాశయాన్ని నిండుగా ఉంచాలని చూస్తుంది, నీటి ఎత్తే దాని ఆదాయం. వరద రక్షణ ఖాళీగా ఉంచమంటుంది. ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పే నిబంధన ముందే కాగితంపై లేకపోతే అర్ధరాత్రి ఎవరూ ఆ తీర్పు చెప్పలేరు. పరికరాల కొనుగోలు మీద వచ్చినన్ని వార్తలు ఈ నిబంధనల మీద రాకపోవడం విచారకరం.

తెలుగువారికి ఇది దూరపు విషయం కాదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు గేట్ల నుంచి తగిన హెచ్చరిక లేకుండా వదిలిన నీటిలో హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. అక్కడ సరస్సు తెగలేదు, వాన ముంచుకురాలేదు. గేటు ఎత్తుతున్నామన్న మాట నది ఒడ్డుకు చేరలేదు, అంతే.

హిమాలయ సరస్సుల లెక్క తీసే పనిలో హైదరాబాద్‌కు ముఖ్య పాత్ర ఉండడం గమనార్హం. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 10 హెక్టార్లకు మించిన 2,028 హిమానీనద సరస్సులను, జలాశయాలను గుర్తించి కేంద్ర జలసంఘానికి అందజేసింది. వాటిలో 50 హెక్టార్లు దాటిన 477 సరస్సులు, జలాశయాలపై జలసంఘం 2011 నుంచి జూన్-అక్టోబరు నెలల మధ్య నిఘా ఉంచసాగింది. తరువాతి కాలంలో ఆ కేంద్రమే పావు హెక్టారు పైబడిన సరస్సులను కూడా లెక్కించగా సింధు, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాలలో 28,043 తేలాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2020లో హిమానీనద సరస్సుల వరదలపై మార్గదర్శకాలు విడుదల చేసింది. 2024లో అరుణాచల్ ప్రదేశ్, సిక్కిం, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ రాష్ట్రాలకు 150 కోట్ల రూపాయల జాతీయ కార్యక్రమం ఆమోదం పొందింది. చుంగ్‌థాంగ్‌లో కొట్టుకుపోయిన 60 మీటర్ల రాతి ఆనకట్ట స్థానంలో దాదాపు 118 మీటర్ల కాంక్రీటు ఆనకట్ట నిర్మాణానికి 2025 జనవరిలో కేంద్ర పర్యావరణ నిపుణుల కమిటీ సిఫార్సు చేసింది. ఈ నిర్ణయంపై సిక్కింలో అభ్యంతరాలు వ్యక్తమయ్యాయి.

డాక్టర్ రావు స్మృతిచిహ్నంగా కృష్ణా నదిపై నాగార్జునసాగర్‌కు, ప్రకాశం బ్యారేజీకి మధ్య నిర్మించిన పులిచింతల ప్రాజెక్టుకు డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని నామకరణం చేశారు. 45.77 టీఎంసీల సామర్థ్యం గల ఈ ప్రాజెక్టును 2013 డిసెంబరులో జాతికి అంకితం చేశారు. వార్తలలో పులిచింతల అని మాత్రమే రాయడం వాడుకగా మారింది. అధికారిక నామం కూడా ఒకసారైనా చేర్చవలసిందిగా పాత్రికేయ మిత్రులకు మనవి. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున వరద నీరు విడుదల చేస్తున్న సమయంలో ఈ ప్రాజెక్టు 16వ నంబరు గేటు ఊడి కొట్టుకుపోయింది. దిగువన నదీతీర గ్రామాలను, ప్రకాశం బ్యారేజీ సిబ్బందిని వెంటనే అప్రమత్తం చేసి, జలాశయాన్ని ఖాళీ చేసి, స్టాప్‌లాగ్ గేట్లు దింపి నీటిని అదుపు చేశారు.